సుగ్గికి పోతూ కుక్కను వదిలేయకుండా: ఆ కుటుంబానికి మీరు ఎలా సాయపడాలి

దసరా దాటి సుగ్గి (కోతల పనికి వలస పోవడం) దగ్గరపడిందంటే ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటుంది. "మా వీధిలోవాళ్లు మిరప కోతలకు గుంటూరు పోతున్నారు. కుక్కను వదిలేసి పోతారంట. ఎవరైనా తీసుకుంటారా?" కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి అడిగేది ఇది. కర్నూలు టౌనులో అయితే "ఇంటి ఓనరు కుక్క వద్దంటున్నాడు", "మందుల ఖర్చు భరించలేకున్నాం" అంటారు. అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

"ఎవరైనా తీసుకుంటారా" అని వెతకడం చివర్లో చేయాల్సిన పని. ఎదిగిన నాటు కుక్కను తీసుకునేవాళ్లు చాలా తక్కువ. తీసుకున్నా అది తాడు కొరికి పాత ఇంటికే పరుగెడుతుంది, దారిలో ఏ లారీ కిందో పడుతుంది. అసలు చాలా ఇళ్లలో కుక్కను వదిలించుకోవాలని ఎవరికీ ఉండదు. మూడు నాలుగు నెలలు తిండి పెట్టే మనిషో, ఒక టీకానో, ఓనరుతో ఒక మాటో తక్కువై అక్కడిదాకా వస్తుంది. ఆ తక్కువైనది ఏదో కనుక్కుని దాన్ని పూడ్చడమే మీ పని. కుక్క వాళ్లదే, వాళ్లదిగానే ఉండాలి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ముగ్గురు నలుగురు మనుషులు. ఒక్కరే మొదలుపెడితే రెండో నెలకే అలిసిపోతారు. ఒకరికి బండి ఉండాలి, ఒకరు లెక్క రాయాలి, ఇల్లిల్లూ తిరిగేవాళ్లలో ఒక ఆడమనిషి తప్పనిసరిగా ఉండాలి.
- ఒక నోటుబుక్కు, బరువు చూసే మిషను (మనుషులు ఎక్కేదే చాలు), మెడపట్టీ, గట్టి తాడు, మూతికి కట్టడానికి పాత చున్నీ.
- మీ దగ్గరి పశువుల ఆసుపత్రి డాక్టరుతో ముందే పరిచయం. ఆసుపత్రి ఏ వేళల్లో తెరుస్తారో, కుక్కల టీకా స్టాకు ఎప్పుడు ఉంటుందో అడిగి రాసుకోండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. అది ముఖ్యంగా ఆవులు, గొర్రెలు, మేకల కోసం తిరుగుతుంది. అయినా ఆసుపత్రి దూరమైన పల్లెల్లో ఫోన్ చేసి అడగండి.
- ఒక చికెన్ అంగడి, ఒక కిరాణా అంగడి. రెండు చోట్లా మీ పేరు మీద ఖాతా.

పెద్ద విరాళాల కోసం ఆగకండి. పది ఇళ్లకు సాయం చేస్తామని ప్రకటించి మధ్యలో మానేస్తే, మీ మాట నమ్మి కుక్కను ఉంచుకున్న కుటుంబం ఇరుక్కుపోతుంది. మూడిళ్లతో మొదలుపెట్టి ఆ మూడూ చివరిదాకా చూడండి.

1. ఎందుకు వదిలేస్తున్నారో కనుక్కోండి

వెళ్లగానే మీరు ప్రభుత్వం తరఫున రాలేదని చెప్పండి. చెప్పకపోతే పెన్షన్, ఇంటి పట్టా గురించి అడుగుతారు, లేదంటే కుక్కను పట్టుకుపోవడానికి వచ్చారని భయపడి తలుపు వేసుకుంటారు. "అక్కా, కుక్క బాగుంది, పేరేం పెట్టినారు?" అని మొదలుపెడితే సగం మాట అక్కడే కలుస్తుంది. తర్వాత "ఈసారి ఎప్పుడు పోతాండారు? ఎవరెవరు పోతాండారు? అవ్వ ఇక్కడే ఉంటాదా?" అని అడగండి. "దీన్నెందుకు వదిలేస్తున్నారు?" అని మాత్రం అడగొద్దు. అది తప్పు చేసినవాళ్లను నిలదీసినట్టు ఉంటుంది.

మొదట చెప్పే కారణమే అసలు కారణం కాకపోవచ్చు. "తిండికి కష్టంగా ఉంది" అంటారు, ఇంకాసేపు కూర్చుంటే పక్కింటి పిల్లాడి మీదికి పోయిందని, రోజూ గొడవ జరుగుతోందని తెలుస్తుంది. "కరుస్తోంది" అంటారు, చూస్తే చెవి లోపల పుండు ఉంటుంది, దాన్ని ముట్టుకున్నప్పుడే కరుస్తోంది. "ఓనరు ఒప్పుకోవట్లేదు" అనే ఇంట్లో కుక్క ఏడాదికి రెండుసార్లు ఈనడమే గొడవ అయి ఉండొచ్చు. అందుకే రెండు సార్లు వెళ్లండి. మొదటిసారి వినడానికే.

2. కుక్కను చూడండి

బరువు: ఇంటివాళ్లలో ఒకరు కుక్కను ఎత్తుకుని మిషను ఎక్కాలి, తర్వాత ఒక్కరే ఎక్కాలి. తేడా కుక్క బరువు. పురుగుల మందైనా, జ్వరం మందైనా మోతాదు ఈ బరువును బట్టే ఉంటుంది కాబట్టి అంచనాగా రాయొద్దు.

పక్కటెముకలు: అరచేత్తో నిమిరితే చేతికి తగలాలి, దూరం నుంచి చూస్తే లెక్కపెట్టేలా కనిపించకూడదు.

చిగుళ్లు: వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయి ఉంటే, ముక్కు నుంచి రక్తం కారుతుంటే, తిండి మానేస్తే గోమార్ల (పిడుదుల) జ్వరం అని అనుమానించి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మన ఎండలకు, రాతి గోడల సందులకు గోమార్లు విపరీతం. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య తప్పక చూడండి.

హెచ్చరిక: కుక్క చొంగ కారుస్తూ, గొంతు మారి, మింగలేక, రెచ్చగొట్టకుండానే కనిపించినదాన్నల్లా కరుస్తుంటే అది రేబిస్ కావచ్చు, దగ్గరికి పోవద్దు, తాడు వేయాలని చూడొద్దు. అందరినీ దూరంగా ఉంచి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఏ కుక్క కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. సున్నం, కారం, పసరు ఏదీ పూయొద్దు. ఇది మీ మనుషులకూ వర్తిస్తుంది.

3. ఒక కాగితం రాసుకోండి

పెద్దదేం అక్కర్లేదు. కుక్క ఎవరిది, బరువెంత, టీకా ఎప్పుడు వేశారు, మీరు ఏం ఇస్తారు, ఎప్పటివరకు, ఇంటివాళ్లు ఏం చేస్తారు, మధ్యలో జబ్బు చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి. చదివి వినిపించి ఇద్దరూ సంతకం చేయాలి, వేలిముద్రైనా సరే. చివర్లో "కుక్క మాదే, తిరిగి రాగానే మేమే చూసుకుంటాం" అన్న వాక్యం ఉండాలి. ఈ కాగితం లేకుండా "కొన్నాళ్లు మా దగ్గర ఉంచుకుంటాం" అని తీసుకెళ్లడం వల్ల స్నేహితుల మధ్యే గొడవలు వచ్చాయి.

4. తిండి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. డాగ్ ఫుడ్ బస్తా ఒకటి ఇచ్చి ఫొటో తీసుకుని వస్తారు. బస్తా అయిపోయాక కుక్క సంగటి ముట్టదు, కొనే స్తోమత ఇంటివాళ్లకు ఉండదు. ఇంట్లో వండుకునేదాన్నే సరిచేయండి.

చాలా ఇళ్లలో రేషన్ బియ్యానికి కొరత ఉండదు. జొన్నలో, కొర్రలో కూడా ఉంటాయి. కుక్క గిన్నెలో లేనిది మాంసకృత్తులు. కాబట్టి మీరు ఇవ్వాల్సింది గుడ్లు, చికెన్ ముక్కలు. పది కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 600 క్యాలరీలు చాలు. అంటే 100 నుంచి 120 గ్రాముల బియ్యమో జొన్న నూకో వండి, అందులో 100 గ్రాముల చికెన్ కాలేయం, కందనకాయలు, లేదా రెండు ఉడికిన గుడ్లు కలిపి రెండు పూటలుగా పెట్టాలి. ఈతకు ఉన్నదానికి, పాలిచ్చేదానికి ఇంకా ఎక్కువ కావాలి.

చికెన్ అంగట్లో కాళ్లు, తలకాయలు చవగ్గా దొరుకుతాయి. వాటిని కుక్కర్లో ఎముక వేళ్ల మధ్య నలిగి పిండయ్యేదాకా ఉడికించాలి. అంతసేపు ఉడికించే గ్యాసు లేకపోతే ఎముకలు తీసేసి పెట్టండి. సగం ఉడికిన కోడి ఎముక ముక్కలై పేగులో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరలు, కారం, చాక్లెట్, ద్రాక్ష పెట్టొద్దు.

పిల్లి ఉన్న ఇంట్లో పాలన్నం ఒక్కటే పెడితే సరిపోదు. మాంసమో చేపో లేకుండా పిల్లి ఆరోగ్యం నిలవదు. ఎండుచేప ఇస్తే ఉప్పు పోయేలా నానబెట్టి కడగాలి.

ఎలా తెలుస్తుంది: నెలకోసారి అదే మిషను మీద బరువు. బక్కచిక్కిన కుక్క నెల తర్వాత కూడా పెరగలేదంటే తిండి గిన్నెలోకి చేరడం లేదు, లేదా కడుపులో పురుగులున్నాయి.

5. టీకా, పురుగుల మందు, గోమార్లు

రేబిస్ టీకా కుక్కపిల్లకు మూడు నెలలకు మొదలు, తర్వాత డాక్టరు చెప్పినప్పుడు బూస్టరు, ఆపైన ఏటా. ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులు) దినమైన జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. కార్డు లేనివాళ్లను ఆ రోజు గుంపుగా తీసుకెళ్లండి. అంతవరకు ఆగాలని మాత్రం కాదు. టీకా కార్డు లామినేషన్ చేయించి ఇవ్వండి, ఓనరుతో మాట్లాడేటప్పుడు అదే మీ పెద్ద బలం.

కుక్కపిల్లలకు పార్వో (ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు వేయించాలి. పిల్ల వాంతులు చేసుకుంటూ రక్తంతో విరేచనాలు చేస్తే రేపు చూద్దామనుకోవద్దు.

గోమార్ల జ్వరానికి డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ కోర్సు చాలాసార్లు నాలుగు వారాలు ఉంటుంది. నాలుగో రోజుకే కుక్క లేచి తింటుంది, ఇంటివాళ్లు మాత్రలు ఆపేస్తారు, జ్వరం తిరగబెడుతుంది. మాత్రలన్నీ ఒకేసారి ఇవ్వకుండా వారానికోసారి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. వెళ్లినప్పుడు ఖాళీ రేకు చూపించమనండి.

చేయకూడనివి: గజ్జికి ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ పూయొద్దు. చర్మం కాలుతుంది, నాకితే విషం. పశువులకు గోమార్లు పోవడానికి కొట్టే మందును ఆ మోతాదులోనే కుక్క మీద పోయొద్దు. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల గోమార్ల మందు పిల్లికి తగిలితే ప్రాణం పోతుంది. మన జ్వరం మాత్ర పారాసెటమాల్ కూడా పిల్లికి అంతే.

6. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్

మన వైపు ఆడకుక్కలు ఎక్కువగా కార్తీకంలో ఎదకు వస్తాయి. గర్భం 63 రోజులు. అంటే ఇంటివాళ్లు గుంటూరులో మిరపకాయలు కోస్తుండగా, సంక్రాంతి అటూ ఇటూగా ఇక్కడ తాళం వేసిన ఇంటి ముందు కుక్క ఈనుతుంది. అవ్వ ఒక కుక్కనే కష్టంగా చూస్తుంటే అప్పుడు ఆరింటిని చూడాలి. మరుసటి ఏడాది ఆ ఇల్లు మీ సాయం వద్దంటుంది. అందుకే ఆపరేషన్‌ను సుగ్గి ఏర్పాట్లలో మొదటి పనిగా పెట్టుకోండి. ఆరు నెలలు నిండిన కుక్కకు డాక్టరు చూసి చేస్తారు.

బయలుదేరే వారంలో మాత్రం పెట్టొద్దు. కుట్లు మానడానికి పది రోజులు పడుతుంది, ఆ పది రోజులూ ఇంటి మనిషి పక్కన ఉండాలి. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి తిండి ఆపాలి. ఎన్ని గంటలో డాక్టరును అడగండి, పిల్లలు ప్రేమకొద్దీ బిస్కెట్టు పెట్టకుండా చూడండి. కుట్లు నాకకుండా పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి మెడకు తొడగొచ్చు. కుట్టు దగ్గర వాపు, చీము, చెడు వాసన కనిపిస్తే వెంటనే ఫోన్.

7. సుగ్గి నెలల ఏర్పాటు

తేదీ ముందే తెలుసుకోండి. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాక ఒక రాత్రి ఫోనొస్తే తెల్లారేసరికి బండెక్కేస్తారు. కుక్క గురించి మాట్లాడటానికి అప్పుడు టైం ఉండదు. దీపావళికి ముందే ఇల్లిల్లూ తిరిగి ఎవరెవరు పోతున్నారో రాసుకోండి.

కుక్కను వెంట తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. నేనైతే వద్దంటాను. రైల్లో మామూలు బోగీలో కుక్కను ఎక్కనివ్వరు. పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు పెట్టెలో పంపాలి, అది కూలికి పోయేవాళ్లకు అయ్యే పని కాదు. టెంపోలో మనుషులకే చోటుండదు. అక్కడికి చేరినా మిరప చేలకు వారం వారం పురుగుమందు కొడతారు, ఆ నీళ్లే కాలువల్లో ఉంటాయి, కుక్క తాగుతుంది. మేస్త్రీ ఒప్పుకుని, గుడిసె దగ్గర కట్టేసి ఉంచగలిగి, నీళ్ల గిన్నె వేరుగా పెట్టగలిగితేనే ఆలోచించండి.

ఊళ్లోనే ఉంచేటట్టయితే:

ఎవరు చూస్తారో ఇంటివాళ్లనే తేల్చనివ్వండి. అవ్వో, జేజినాయనో, ఎదురింటివాళ్లో. సీజనల్ హాస్టల్లో (వలస పోయినవాళ్ల పిల్లల కోసం నడిపేది) ఉండే పిల్లలు సాయంత్రం వచ్చి గిన్నె పెట్టొచ్చు, కానీ బాధ్యత పెద్దవాళ్ల పేరు మీదే రాయండి.

కుక్కను వేరే ఇంటికి మార్చకండి. అది తన అరుగు మీదే ఉండాలి, మనిషే అక్కడికి వచ్చి పెట్టాలి. ఇంటివాళ్లు కప్పుకున్న పాత దుప్పటి ఒకటి అక్కడ వదిలి పొమ్మనండి.

బయలుదేరడానికి వారం ముందు నుంచే చూసుకోబోయే మనిషి చేత తిండి పెట్టించండి. కుక్క ఆమె చేతి నుంచి తినకపోతే అది ఇప్పుడే తెలియాలి. బలమైన కుక్కను అవ్వ చేత తాడు పట్టించి తిప్పించొద్దు, లాగితే పడిపోతుంది.

డబ్బు ఒకేసారి చేతికివ్వకండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే అది దానికే పోతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అంగట్లో ఖాతా పెట్టి వారానికి ఇన్ని గుడ్లు, ఇంత చికెన్ అని చెప్పండి. చూసుకునే మనిషికి కూడా ఏదైనా ఇవ్వాలి. ఫోన్ రీఛార్జో, నెలకు ఇంత నూనె, పప్పో. ఉచితంగా చేయించుకుంటే రెండో నెలలో విసుగొస్తుంది.

వారానికోసారి మీలో ఒకరు వెళ్లి చూసి, కుక్క ఫొటో తీసి గుంటూరులో ఉన్న ఇంటివాళ్లకు వాట్సాప్‌లో పంపాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ కుక్క తమదేనని వాళ్లకు గుర్తుచేసేది ఇదే, పిల్లలు అడిగేదీ దీని గురించే. ఫొటోలో ఇంటివాళ్లను, వాళ్ల ఇంటిని చూపిస్తూ బయట ఎక్కడా పెట్టకండి. "పేద కుటుంబం" అని రాసి పెట్టిన ఒక్క ఫొటోతో ఆ వీధి మొత్తం మీకు తలుపు మూసేస్తుంది.

మార్చి నుంచి ఎండ ముదురుతుంది. వెడల్పాటి మట్టి తొట్టి నీడలో పెట్టి రెండు పూటలా నీళ్లు మార్చమనండి. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కట్టేయొద్దు. నాలుక బయటికి వేలాడేసి తూలుతుంటే నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా ఉంచి డాక్టరుకు ఫోన్ చేయండి. ఐసు నీళ్లు అక్కర్లేదు.

ఇదే ఏర్పాటు ఆసుపత్రి కేసులకూ పనికొస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో చేరినవాళ్ల ఇంటి దగ్గర కుక్క, పిల్లి ఆకలితో ఉంటాయి. వార్డులో ఉన్న మనిషి తాళం ఎవరికిచ్చారో అడిగి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

8. ఇంటి ఓనరుతో

జంతువును గాలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. అయినా రెండు గదుల అద్దె ఇంట్లో చట్టం పేరు ఎత్తితే కుక్కతో పాటు కుటుంబం కూడా రోడ్డు మీదికి వస్తుంది. ముందు ఓనరు బాధేంటో వినండి. "సార్, వాసన వస్తోందా, అరుపులా, పిల్లలకు భయమా?" ఒక్కొక్కదానికి ఒక్కో పరిష్కారం చూపించండి. టీకా కార్డు, ఆపరేషన్ అయిందన్న కాగితం, రోజూ కడుగుతామన్న మాట. నెల రోజులు గడువు అడగండి, ఆ నెలలో మీరే రెండుసార్లు వెళ్లి చూడండి.

రాత్రిపూట అరుపులకు చాలాసార్లు కారణం పగలంతా కట్టేసి ఉంచడమే. పొద్దున, సాయంత్రం తిప్పితే వారంలో తేడా తెలుస్తుంది.

9. ఉంచుకోవద్దనే చెప్పాల్సిన సందర్భాలు

ఇంట్లో చిన్నపిల్లను లోతుగా కరిచిన కుక్క, ఇంటివాళ్లు నిజంగా వద్దనుకుంటున్న కుక్క. ఇక్కడ బలవంతం చేయకండి, సిగ్గుపడేలా మాట్లాడకండి. వద్దన్న ఇంట్లో బలవంతంగా ఉంచితే అది గొలుసు చివర ఎండిపోతుంది. అప్పుడే కొత్త ఇల్లు వెతకండి, అప్పటివరకు ఆ ఇంట్లోనే తిండి మీరు చూసుకోండి.

రామచిలుకను పంజరంలో ఉంచుకోవడానికి సాయం అడిగితే ఒప్పుకోకండి. దాన్ని పెంచడం వన్యప్రాణి చట్టం కింద నేరం. అటవీ శాఖ వాళ్లకు అప్పగించేందుకు నచ్చజెప్పండి.

10. ఉగాది తర్వాత లెక్క చూసుకోండి

చాలా కుటుంబాలు ఉగాది అటూ ఇటూగా తిరిగొస్తాయి. వచ్చిన వారంలోపు వెళ్లి బరువు మళ్లీ చూడండి, కాగితం మీద ఏర్పాటు ముగిసిందని రాయండి, అంగట్లో ఖాతా మూసేయండి. మూసేయకపోతే అది అలవాటై, వచ్చే ఏడాది కొత్త ఇంటికి డబ్బు మిగలదు.

ప్రతి ఇంటి పేరు ఎదురుగా నాలుగు విషయాలు రాయండి: కుక్క అదే ఇంట్లో ఉందా, బరువు తగ్గిందా పెరిగిందా, టీకా తర్వాతి తేదీ ఎప్పుడు, పిల్లలు పుట్టాయా. "సాయం చేసిన ఇళ్లు ఎన్ని" అని లెక్కపెట్టుకోవడం కన్నా "అదే ఇంట్లో ఉన్న కుక్కలు ఎన్ని" అన్న లెక్కే మీకు దారి చూపిస్తుంది. ఏ ఇంట్లోనైనా కుక్క లేకపోతే ఏమైందని మెల్లగా అడగండి. చనిపోయిందా, ఎవరికైనా ఇచ్చారా, మీరు వెళ్లని వారంలో తప్పిపోయిందా అన్నది తెలిస్తే వచ్చే ఏడాది ఏం మార్చాలో తెలుస్తుంది.

ఆపరేషన్ కాని ఆడకుక్కల జాబితా విడిగా తీసి, వానాకాలం పనులు మొదలయ్యేలోపు డాక్టరుతో తేదీలు మాట్లాడుకోండి. కార్తీకానికి ముందు అవన్నీ పూర్తికావాలి.